మిరియాల చారూ, తలపాగా మనిషీ

(న్యూజెర్సీలో తెలుగువాళ్ల నెలవారీ సాహిత్య సమావేశంలో ఒక రిటైర్డ్ లైబ్రేరియన్ చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు దయచేసి ముందుకు రండి. ఇవాళ బొమ్మలు చూపిస్తాను, అక్కణ్ణుంచి సరిగ్గా కనపడవు.

మన కార్యదర్శిగారు ఫోన్ చేసి "మేడమ్, క్యాన్సిల్ కల్చర్ మీద ఒక గంట మాట్లాడండి" అన్నప్పుడు వెంటనే ఒప్పుకోలేదు. క్యాన్సిల్ కల్చర్ అంటే తప్పు కనపడ్డ మనుషుల్నీ పుస్తకాల్నీ వెలేయడం అనుకోండి. ఆ మాట వింటే సగం మందికి బీపీ పెరుగుతుంది, మిగతా సగం మందికి నిద్రొస్తుంది. (నవ్వులు) పైగా నేను పండితురాలిని కాను. ఇక్కడి ఒక పబ్లిక్ లైబ్రరీలో పిల్లల విభాగంలో పందొమ్మిదేళ్లు పనిచేశాను. చిరిగిన పుస్తకాలకు టేపు వేశాను, శనివారాలు పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని కథలు చదివాను. అందుకని కార్యదర్శిగారికి ఒక షరతు పెట్టాను. ముందు బొమ్మలు చూద్దాం, అభిప్రాయాలు తర్వాత. ఈ గొడవలో గొంతు చించుకున్నవాళ్లలో చాలామంది అసలా పేజీ తెరిచి చూడలేదని నా అనుమానం.

ఊరికే అనడం లేదు. 2021 మార్చి 2 గుర్తుందా? పిల్లల పుస్తకాలు రాసి, వాటికి బొమ్మలు కూడా వేసిన డాక్టర్ స్యూస్ పుట్టినరోజు. అసలు పేరు థియోడర్ గైజెల్. 1904లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పుట్టాడు, 1991లో పోయాడు. సరిగ్గా ఆ పుట్టినరోజు నాడు, ఆయన పుస్తకాల హక్కులున్న డాక్టర్ స్యూస్ ఎంటర్‌ప్రైజెస్ ఒక ప్రకటన చేసింది. ఆరు పుస్తకాలు ఇక అచ్చు వేయం, వాటిలో కొందరు మనుషుల్ని చూపించిన తీరు నొప్పించేలా, తప్పుగా ఉంది అని. ప్రభుత్వం నిషేధించలేదు, ఎవరూ తగలబెట్టలేదు. ఆయన రాసినవి అరవై పైచిలుకు, అందులో ఆరు ఆపేశారు. టీవీల్లో మాత్రం పిల్లి టోపీ పెట్టుకున్న ఆ 'క్యాట్ ఇన్ ద హ్యాట్' పుస్తకాన్ని కూడా పోలీసులు పట్టుకుపోయినంత హడావుడి చేశారు. ప్రతినిధుల సభలో రిపబ్లికన్ల నాయకుడు కెవిన్ మెకార్తీ నిరసనగా 'గ్రీన్ ఎగ్స్ అండ్ హామ్' చదువుతూ వీడియో పెట్టాడు. ఆ పుస్తకం ఆ ఆరింటిలో లేనే లేదు! ఆ వారం మా లైబ్రరీకి ఒకటే ఫోన్లు. "ఎక్కడ దాచేశారు?" అని కొందరు, "ఇంకా ఎందుకు ఉంచారు?" అని కొందరు. "మీరు ఏ పుస్తకం గురించి అడుగుతున్నారండీ?" అంటే ఇద్దరు ముగ్గురు తప్ప పేరు చెప్పలేకపోయారు.

సరే, మొదటి బొమ్మ వేయండి.

ఇది 1950లో వచ్చిన 'ఇఫ్ ఐ రాన్ ద జూ'. జెరాల్డ్ మెగ్రూ అనే కుర్రాడు జూకి వెళ్తాడు. ఈ సింహాలూ పులులూ ఎవరికి కావాలి, నేనే ఈ జూ నడిపితే వీటన్నిటినీ వదిలేసి, లోకమంతా తిరిగి ఎవరూ చూడని జంతువుల్ని పట్టుకొస్తాను అనుకుంటాడు. మంచి ఊహ. పిల్లలకు ఇంతకంటే ఏం కావాలి?

ఇప్పుడు ఈ పేజీ చూడండి. ఇసుక ఎడారి, ఒంటెలాంటి వింత జంతువు, బక్కచిక్కిన కాళ్లు. దాని పేరు మల్లిగటానీ. కొంచెం ఆగండి, ఆ మాట మళ్లీ వినండి. మిళగు తణ్ణి! తమిళంలో మిళగు అంటే మిరియాలు, తణ్ణి అంటే నీళ్లు. మద్రాసులో తెల్లదొరలు తాగి, సూపుగా మార్చుకుని, లండన్ దాకా మోసుకెళ్లిన మన చారు. ఆయన దాన్ని ఎడారి జంతువు చేసేశాడు. (నవ్వులు) ఇంతవరకు నాకేం ఇబ్బంది లేదు. మిరియాల చారు ఒంటెలా కాళ్లు విసురుకుంటూ పోతుంటే చూడ్డానికి బాగానే ఉంది.

దాని మీద కూర్చున్న మనిషిని చూడండి. తలపాగా చుట్టుకున్నాడు. ఏదో ఎడారి తెగ నాయకుడట. పద్యంలో కుర్రాడు ఏమంటాడంటే, ఈ జంతువు నా జూకి బాగుంటుంది, ఆ నాయకుడు కూడా బాగుంటాడు, అతన్నీ ఒకణ్ణి పట్టుకొస్తాను అని. మనిషిని. జూకి.

ఈ పుస్తకం మా అబ్బాయికి నేనే చదివాను, 1998లో. గరాజ్ సేల్‌లో యాభై సెంట్లకు కొన్నాను. వాడికి ఐదేళ్లు. ఆ ఏడాది మా మామగారు ఇక్కడికి వచ్చి ఉన్నారు. ఊళ్లో పొలానికి తలగుడ్డ లేకుండా వెళ్లే మనిషి కాదు. ఇక్కడ చలికి ఇంట్లో కూడా మఫ్లర్ తలకు చుట్టుకుని కూర్చునేవారు. మావాడు ఆ బొమ్మ చూసి, "అమ్మా, తాతయ్యని కూడా జూలో పెడతారా?" అన్నాడు. నేను నవ్వేసి పేజీ తిప్పేశాను.

ఇంతే జరిగింది. దీనివల్ల మావాడి జీవితం పాడైపోయిందని చెప్పను. వాడు హాయిగా పెరిగాడు, డెంటిస్టు అయ్యాడు, నా మాట వినడు. (నవ్వులు) కానీ ఆ పేజీ తిప్పేసిన చెయ్యి మాత్రం నాకు గుర్తుండిపోయింది. వాడు అడిగింది సరైన ప్రశ్న. జవాబు నా దగ్గర లేక నవ్వాను.

చాలా ఏళ్ల తర్వాత లైబ్రరీలో పనిచేస్తూ ఓటా బెంగా గురించి చదివాను. కాంగో నుంచి తెచ్చిన యువకుడు. 1906 సెప్టెంబరులో న్యూయార్క్ బ్రాంక్స్ జూలో కోతుల ఇంట్లో అతన్ని ప్రదర్శనకు పెట్టారు. జనం వచ్చి కోతుల్ని చూసినట్టే చూశారు. నల్లజాతి పాదిరీలు గొడవ చేశాక బయటికి తీసుకొచ్చారు. పదేళ్ల తర్వాత అతను కాల్చుకుని చనిపోయాడు. ఆ జూ నడిపే సంస్థ క్షమాపణ చెప్పింది ఎప్పుడో తెలుసా? 2020లో. ఆ జూ మన హాలు నుంచి ఎంత దూరం? ట్రాఫిక్ లేకపోతే గంట. గైజెల్‌కి ఇది తెలిసి గీశాడని నేను అనను. జూలో మనిషిని పెట్టడం అనే ఊహ గాల్లోంచి రాలేదని మాత్రం అంటాను.

ఇదే పుస్తకంలో ఇంకో బొమ్మ. ముగ్గురు ఆసియావాళ్లు ఒక పంజరాన్ని నెత్తి మీద మోస్తున్నారు. ఆ పంజరం మీద తెల్లపిల్లాడు తుపాకీ పట్టుకుని నిలబడ్డాడు. పద్యం వాళ్లని కళ్లు ఏటవాలుగా ఉన్న పనివాళ్లు అని పరిచయం చేస్తుంది. మరో పేజీలో ఆఫ్రికావాళ్లు గడ్డి చుట్టుకుని, మోస్తున్న పక్షికీ వాళ్లకీ తేడా తెలియకుండా ఉన్నారు. తర్వాతి బొమ్మ వేసేయండి, ఎక్కువసేపు ఉంచక్కర్లేదు.

ఇక గైజెల్ ఎలాంటివాడు అనే ప్రశ్న. ఇక్కడ రెండు పక్షాలవాళ్లూ తమకు కావలసిన సగం చెప్పి మిగతా సగం మింగేస్తారు. రెండో ప్రపంచయుద్ధంలో ఆయన న్యూయార్క్‌లో పీఎం అనే పత్రికకు కార్టూన్లు గీశాడు. హిట్లర్ని ఎండగట్టాడు, నల్లవాళ్లకు ఉద్యోగాలివ్వని ఫ్యాక్టరీలను వెక్కిరించాడు. అదే చేత్తో 1942 ఫిబ్రవరి 13న ఇంకోటి గీశాడు. పశ్చిమ తీరంలోని జపాన్ సంతతి వాళ్లంతా వరసగా నిలబడి పేలుడు పదార్థాలు తీసుకుంటున్నారు, అందరి మొహాలూ ఒకటే. ఆరు రోజులకు అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఉత్తర్వు వచ్చింది. సుమారు లక్షా ఇరవై వేల మందిని శిబిరాల్లో పెట్టారు. కార్టూన్ వల్లనే ఉత్తర్వు వచ్చిందని కాదు, అప్పటి గాలి అలా ఉంది, ఈయన దానికి విసనకర్ర పట్టాడు. మళ్లీ అదే మనిషి 1953లో జపాన్ వెళ్లొచ్చి, 1954లో 'హోర్టన్ హియర్స్ ఎ హూ' రాశాడు. ఎంత చిన్నవాడైనా మనిషి మనిషే అని చెప్పే కథ. దాన్ని క్యోటోలో ఉన్న మిత్సుగి నకమురా అనే జపాన్ మిత్రుడికి అంకితమిచ్చాడు.

1937లో వచ్చిన ఆయన తొలి పుస్తకంలో ఒక చైనా మనిషి ఉన్నాడు. పసుపు పూసిన మొహం, పొడుగు జడ. 1978లో గైజెల్ తానే కూర్చుని రంగు తీసేశాడు, జడ కత్తిరించాడు, 'చైనామన్' అన్న మాటని 'చైనీస్ మన్' చేశాడు. ఇప్పుడు వాడు ఐరిష్‌వాడిలా ఉన్నాడని తర్వాత జోకు కూడా వేశాడు. ఆ పుస్తకాన్ని ఎవరైనా దిద్దవచ్చు అంటే మొదటి హక్కు ఆయనదే, ఆ పని ఆయనే చేశాడు. మరి దీన్ని ఎవరూ క్యాన్సిల్ అనలేదు. 1978లో ఆ మాట పుట్టలేదు మరి.

ఇప్పుడు నేను ఇవాళ నిజంగా మాట్లాడాలనుకున్న పుస్తకం దగ్గరికి వస్తాను. మంచినీళ్లు తాగి.

ఈ కథ మనలో పెద్దవాళ్లు కొందరు కాన్వెంటులో చదివే ఉంటారు. ఒక చిన్నపిల్లాడు. వాళ్లమ్మ వాడికి ఎర్రకోటు, నీలం లాగు కుట్టింది. వాళ్లనాన్న బజారుకెళ్లి ఆకుపచ్చ గొడుగు, ఊదారంగు బూట్లు కొన్నాడు. అవన్నీ వేసుకుని పిల్లాడు అడవికి షికారు బయల్దేరాడు. పులి ఎదురై "నిన్ను తినేస్తా" అంది. "నన్ను తినకు, నా కోటు ఇస్తా" అన్నాడు. ఇంకో పులికి లాగు, ఇంకోదానికి బూట్లు. "బూట్లు నాకెందుకు, నాకు నాలుగు కాళ్లు కదా" అంటుంది పులి. "చెవులకు తగిలించుకో" అంటాడు వీడు. చివరి పులికి గొడుగు, తోకతో ముడేసి పట్టుకోమని. ఆ పులులు ఎవరు గొప్ప అని పోట్లాడుకుని, ఒకదాని తోక ఒకటి కరచుకుని చెట్టు చుట్టూ తిరిగి తిరిగి, కరిగి నెయ్యి అయిపోతాయి. వాళ్లనాన్న పని నుంచి వస్తూ ఆ నెయ్యిని ఇత్తడి పాత్రలో ఎత్తుకెళ్తాడు. వాళ్లమ్మ అట్లు పోస్తుంది. అట్లు పులిచారల్లాగే పసుపూ గోధుమరంగూ. అమ్మ 27, నాన్న 55, పిల్లాడు 169 అట్లు తింటారు. అట్లతద్ది నాడు కూడా ఇదెక్కడి లెక్కమ్మా! (నవ్వులు)

ఎంత మంచి కథో చూడండి. బలమైనవాళ్లు గర్వంతో కరిగిపోతారు, చిన్నవాడు తెలివితో బతుకుతాడు. నెయ్యిని ఇండియాలో ఘీ అంటారని రచయిత్రి కథలోనే చెప్పింది. ఆఫ్రికాలో పులులు లేవు. మరి ఈ పిల్లాడు ఎవరు? మనవాడే.

రాసినావిడ హెలెన్ బానర్‌మన్, ఎడింబరోలో పుట్టిన స్కాట్లండ్ మనిషి. భర్త ఇండియన్ మెడికల్ సర్వీసులో డాక్టరు. దాదాపు ముప్పై ఏళ్లు ఇండియాలో ఉన్నారు, చాలాకాలం మద్రాసులో. మన జిల్లాలు కూడా అప్పుడు మద్రాసు కిందే కదా. కొడైకెనాల్ నుంచి మద్రాసు వచ్చే రైలు ప్రయాణంలో తన ఆడపిల్లల కోసం ఈ కథ అల్లిందని చెబుతారు. 1899లో లండన్‌లో అచ్చయింది. పేరు 'లిటిల్ బ్లాక్ సాంబో'.

బొమ్మ వేయండి. ఇది ఆవిడే గీసింది. నల్లటి మొహం, ఎర్రటి పెద్ద పెదాలు, గుడ్లు తేలేసిన కళ్లు. అమెరికా నాటకాల్లో తెల్లవాళ్లు మొహానికి మసి పూసుకుని నల్లవాళ్లని వెక్కిరించే వేషం ఒకటుండేది, దానికి దగ్గరి చుట్టం ఈ బొమ్మ. అమ్మ పేరు మంబో, నాన్న పేరు జంబో. సాంబో అన్నది అప్పటికే నల్లవాళ్లని పిలిచే వెటకారపు పేరు. కథ మన అడవిలో జరుగుతోంది, మొహం ఇంకెక్కణ్ణుంచో వచ్చింది. ఆవిడకి దురుద్దేశం లేదని ఆవిడ తరఫున వాదించేవాళ్లు చాలామంది. ఉండకపోవచ్చు. తెల్లదొరసానికి మనమూ ఆఫ్రికావాళ్లూ అందరం ఒకే నలుపు, ఒకే సీసాలోంచి పోసిన సిరా. అది దురుద్దేశం కంటే తేలిక ఏమీ కాదు.

అసలు నష్టం తర్వాత జరిగింది. ఆవిడ ఈ పుస్తకం హక్కుల్ని ఐదు పౌన్లకు అమ్మేసింది. ఐదు పౌన్లు! అమెరికాలో దానికి కాపీరైటు రక్షణ లేదు. దాంతో ఎవడికి తోచినట్టు వాడు అచ్చేశాడు. ఇష్టమొచ్చిన బొమ్మలు వేయించారు. పులుల అడవి కాస్తా అమెరికా దక్షిణాది పత్తితోట అయింది, అమ్మ తలగుడ్డ కట్టుకున్న వంటమనిషి అయింది. ఆవిడ ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఆపే దారి లేదు. బళ్లో నల్లపిల్లాడు కనపడితే "ఒరే సాంబో" అని పిలవడం మొదలైంది. కవి లాంగ్‌స్టన్ హ్యూజ్ 1932లో దీని గురించి రాశాడు. తెల్లపిల్లలకు ఈ పుస్తకం నవ్వు తెప్పిస్తుంది, అప్పటికే ఎన్నో దెబ్బలు తిన్న పిల్లాడికి మాత్రం నవ్వులపాలు కావడం ఇంకో బాధ అని. మన భాషలో గోరుచుట్టు మీద రోకటిపోటు.

1957లో కాలిఫోర్నియాలో శాంబోస్ అని ఒక టిఫిన్ హోటల్ మొదలైంది. శామ్ బాటిస్టోన్ అనే ఆయనా, బోనెట్ అనే ఆయనా పెట్టారు. శామ్, బో కలిపి శాంబో అన్నారు. గోడల మీద మాత్రం ఈ పిల్లాడూ పులులే. వెయ్యికి పైగా శాఖలయ్యాయి. 1981కి దివాలా తీసింది. పేరు మీద చాలా ఊళ్లలో నిరసనలు జరిగాయి, అప్పులూ ఉన్నాయి. మొదటి హోటల్ ఒక్కటి శాంటా బార్బరాలో నిలబడింది, 2020లో పేరు మార్చుకుంది.

ఇక్కడే నాకు ఒక సంగతి తట్టింది. బానర్‌మన్ చేతిలో హక్కులు లేక పుస్తకం చెడింది. స్యూస్ వారసుల చేతిలో హక్కులన్నీ ఉండటం వల్ల పుస్తకం కనపడకుండా పోయింది. అమెరికా చట్టం ప్రకారం ఆ కాలపు పుస్తకాలకు అచ్చయిన ఏడాది నుంచి 95 ఏళ్లు కాపీరైటు. అంటే 1937లో వచ్చిన స్యూస్ తొలి పుస్తకాన్ని 2033 జనవరి 1న ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. జూ పుస్తకానికి 2046 రావాలి. అప్పటిదాకా వాళ్లు వేయరు, ఇంకొకళ్లని వేయనివ్వరు. నేను పిల్లల అరలో ఆ పుస్తకం పెట్టమనను. కానీ రేపు ఇలాంటి ప్రసంగం చేసే మనిషికి ఈ పేజీ చూపించాలంటే దొరకాలి కదా? పెద్దవాళ్ల కోసం, ముందుమాటతో, ఇదిగో ఇలా గీసేవాళ్లం అని ఒప్పుకుంటూ ఒక ప్రతి వేయొచ్చు. వార్నర్ బ్రదర్స్ పాత కార్టూన్ల డీవీడీల మొదట్లో ఆ పని చేసింది. ఇవి అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే, అయినా తీసేస్తే ఇలాంటివి లేనేలేవని చెప్పినట్టవుతుంది అని రాసింది. టామ్ అండ్ జెర్రీ కంపెనీకి ఉన్నపాటి ధైర్యం చాలు. తుడిచేయడం చాలా సులువు, చేతులు దులుపుకున్నట్టు ఉంటుంది.

తుడవడం అంటే ఇంగ్లండ్ పిల్లల రచయిత రోల్డ్ డాల్ గుర్తొచ్చాడు. 2023 ఫిబ్రవరిలో లండన్ డైలీ టెలిగ్రాఫ్ బయటపెట్టింది. పెంగ్విన్ కంపెనీ పిల్లల పుస్తకాల విభాగం పఫిన్ వాళ్లు ఆయన పుస్తకాల్లో వందల చోట్ల మాటలు మార్చారు. లావు అన్న మాట తీసేశారు. ఆయన చనిపోయింది 1990లో, అడగడానికి లేడు. 'జేమ్స్ అండ్ ద జయంట్ పీచ్'లో స్పాంజ్ అనే అత్త ఉంది. ఆవిడ ఎంత లావుగా, ఎంత వదులుగా ఉందో వెక్కిరించే ఒక పాట ఉంటుంది. దాని బదులు కొత్తది రాశారు. ఆవిడ దుర్మార్గురాలు, పండు కింద పడి నలిగిపోవలసిందే అని! లావు అనకూడదు, నలిపేయొచ్చు. (నవ్వులు) ఆ పద్యం డాల్‌ది కాదు. అయినా అట్ట మీద డాల్ పేరే. సల్మాన్ రష్దీ దీన్ని అర్థంలేని సెన్సార్ అన్నాడు. ఆయన ప్రాణాల మీదికి తెచ్చుకుని చెప్పగలిగిన మనిషి. వారం తిరక్కుండా పాత పాఠాన్ని కూడా అమ్ముతామని పెంగ్విన్ ప్రకటించింది.

మనలో ఎంతమందికి సుమతీ శతకం వచ్చు? చేతులెత్తండి. చాలామందే. "కోమలి విశ్వాసంబును, బాములతో జెలిమి..." వచ్చా? ఆడదాని మీద నమ్మకం, పాముతో స్నేహం, వేప తియ్యదనం అన్నీ ఒక్కలాంటి అబద్ధాలట. ఇది నేను తెనాలిలో మూడో తరగతిలో పోటీలో అప్పజెప్పి స్టీలు గ్లాసు గెలుచుకున్నాను. అమ్మ చప్పట్లు కొట్టింది. ఆ గ్లాసు ఇంకా ఉంది. మన పిల్లలకు ఇక్కడ ఆదివారం తెలుగు బడిలో సుమతి పద్యాలు నేర్పుతాం కదా, ఆ పద్యం ఎవరైనా నేర్పుతున్నారా? నేర్పడం లేదు. ఏరిన పద్యాల్లో అది చేరదు. దానికోసం ఎవరూ ధర్నా చేయలేదు, బద్దెనను క్యాన్సిల్ చేశారని ఎవరూ అనలేదు. ఏరుకోవడం ప్రతి తరం చేసే పనే. కానీ 'కోమలి' తీసేసి ఇంకో మాట ఇరికించి, కింద సుమతీ అని పెట్టామనుకోండి, అది వేరే సంగతి. మనకు ఆ బెంగ లేదు, యతిప్రాసలు కాపలా కాస్తాయి. (నవ్వులు)

మరీ ఇంగ్లీషువాళ్లని అంటున్నానని అనుకోకండి. చందమామ 1947 జులైలో వచ్చింది. చక్రపాణిగారూ, కొడవటిగంటి కుటుంబరావుగారూ మా తెనాలివాళ్లే, అందుకని మాకు అది ఇంటి పత్రిక. నాకు అక్షరాలు వచ్చిందే ఆ బొమ్మల కోసం. కానీ ఆ బొమ్మల్లో రాక్షసుడు ఏ రంగు? రాకుమారి ఏ రంగు? మా అక్క నాకంటే నలుపు. బళ్లో ఏటా నాటకం వేస్తే శూర్పణఖ వేషం దానికే. రెండేళ్లు సరదాగా వేసింది, మూడో ఏడు జ్వరం అని పడుకుంది. ఆ టీచరమ్మ మంచిదే. రాక్షసి అంటే ఎలా ఉంటుందో ఆవిడకు తెలిసింది కూడా బొమ్మల్లోంచే. ఇప్పుడు చందమామలన్నీ చింపేయమంటారా అని నన్ను అడగకండి, నా దగ్గర నాలుగు బైండ్లున్నాయి, ఎవరికీ ఇవ్వను.

ఒక్క మాట మార్చి బాగుచేసిన పుస్తకం కూడా ఉంది, అది చెప్పి ముందుకెళ్తాను. లారా ఇంగల్స్ వైల్డర్ రాసిన 'లిటిల్ హౌస్ ఆన్ ద ప్రైరీ', 1935. మొదట్లో ఆ గడ్డిమైదానాల గురించి చెబుతూ, అక్కడ మనుషులు లేరు, ఇండియన్లు మాత్రమే ఉన్నారు అని ఉండేది. పదిహేడేళ్లు ఎవరి కంటికీ ఆనలేదు. 1952లో ఒకరు ప్రచురణకర్తలకు ఉత్తరం రాశారు. ఎడిటర్ ఉర్సులా నార్డ్‌స్ట్రమ్ తల పట్టుకుంది. వైల్డర్‌కి అప్పుడు ఎనభై అయిదేళ్లు. అది నా తెలివితక్కువ పొరపాటు, మార్చండి అంది. 1953 నుంచి 'మనుషులు' పోయి 'వలస వచ్చినవాళ్లు' అయింది. ఆ పుస్తకం చదువుతున్నప్పుడు మన పిల్లలు నన్ను అడిగేవాళ్లు, "ఆంటీ, ఇండియన్లంటే మనమా?" అని. మనం కాదమ్మా, కొలంబస్ దారి తప్పి పెట్టిన పేరు అని చెప్పేదాన్ని. ఇండియన్ అంటే చచ్చిన ఇండియనే మంచివాడు అని పక్కింటివాళ్లు అనే మాట మాత్రం అందులో ఇప్పటికీ ఉంది. ఉండనివ్వాలి. అప్పటి తెల్లవాళ్లు అలా అనేవాళ్లు, ఆ పిల్ల విన్నది. 2018లో లైబ్రేరియన్ల సంఘం ఆవిడ పేరుతో ఇచ్చే అవార్డుకి పేరు మార్చింది. పుస్తకం మాత్రం అన్నిచోట్లా దొరుకుతుంది. ఇది కూడా క్యాన్సిలేనా? నాకైతే అనిపించదు.

ఎంత తేడా ఉందో చూడండి ఈ పనుల్లో. రచయిత తానే దిద్దుకోవడం, ప్రచురణకర్త అచ్చు మానేయడం, చచ్చిపోయినాయన వాక్యంలో చెయ్యి పెట్టడం, అవార్డు పేరు మార్చడం. వీటన్నిటినీ కలిపి ఒకే కుండలో వేసి ఒకే పేరు పెడితే దేని గురించి పోట్లాడుతున్నామో ఎవరికి తెలుస్తుంది? ఇంకోటి కూడా ఉంది, అది నాకు అన్నిటికంటే భయం. 2022 జనవరిలో టెనెసీలో మెక్‌మిన్ కౌంటీ స్కూలు బోర్డు యూదుల మారణహోమం మీద వచ్చిన 'మౌస్' అనే బొమ్మల పుస్తకాన్ని ఎనిమిదో తరగతి పాఠాల్లోంచి తీసేసింది. పదికి పది ఓట్లతో. అది బోర్డు చేతిలో ఉన్న అధికారం. స్యూస్ కోసం కన్నీళ్లు కార్చిన టీవీలు ఆ పూట ఏం చేశాయో మీరే వెతికి చూసుకోండి.

మరి సాంబో ఏమయ్యాడు? 1996లో రెండు పుస్తకాలు వచ్చాయి. ఒకటి జూలియస్ లెస్టర్ రాసి, జెర్రీ పింక్నీ బొమ్మలు వేసిన 'శామ్ అండ్ ద టైగర్స్'. ఇద్దరూ నల్లవాళ్లే. చిన్నప్పుడు తమకు ఇచ్చిన కథని తిరిగి తమ చేతిలోకి తీసుకున్నారు. రెండోది 'లిటిల్ బాబాజీ'. ఫ్రెడ్ మార్సెలినో బొమ్మలు. బానర్‌మన్ రాసిన పాఠం దాదాపు అక్షరం పొల్లుపోకుండా ఉంది, పేర్లూ బొమ్మలే మారాయి. ఇదిగో, బొమ్మ చూడండి. మన పిల్లాడు, మన అడవి. ఇంతకాలం ఆ కథకి పట్టిన జబ్బు ఎక్కడుందో ఈ పుస్తకం తేల్చేసింది. కథలో లేదు, బొమ్మలో ఉంది, పేరులో ఉంది. అయితే దీనికీ ఒక తిప్పలుంది. అమ్మ పేరు మామాజీ అట! (నవ్వులు) హిందీ వచ్చిన ఏ పిల్లాడైనా మేనమామ చీర కట్టుకుని అట్లు పోస్తున్నాడేమిటి అనుకుంటాడు. వంద ఏళ్ల తర్వాత కూడా మనల్ని అడిగి గీయలేదన్నమాట.

కార్యదర్శిగారు వాచీ చూపిస్తున్నారు. ప్రశ్నలు ఏమైనా ఉన్నాయా?

(ఒక శ్రోత: అమ్మా, ఇవన్నీ చెప్పారు సరే, మీ మనవరాలికి ఏది చదువుతారు?)

బాబాజీ చదువుతానండీ. మామాజీ అన్నచోట అమ్మ అని చదువుతాను. అంటే నేనూ దిద్దుతున్నానన్నమాట, దొరికిపోయాను. (నవ్వులు) కాకపోతే అది నా నోటితో, ఆ పూటకి. పుస్తకంలో అచ్చు అలాగే ఉంది, రేపు తను చదవడం వచ్చాక "నానమ్మా, అబద్ధం చెప్పావు" అని నిలదీస్తుంది. దానికి సిద్ధంగా ఉన్నాను. అట్ల లెక్క దగ్గర మాత్రం రోజూ ఆపేస్తుంది. 169 ఎంతో చూపించమంటుంది. ఒకరోజు పోసి చూపించాను, మూడు తిని నిద్రపోయింది.

(అదే శ్రోత: మరి ఆ జూ పుస్తకం?)

ఉంది. పై అరలో. 2021లో ఆ గొడవప్పుడు మా అబ్బాయి ఫోన్ చేశాడు. "అమ్మా, నీ దగ్గర ఆ జూ పుస్తకం ఉందిగా, ఆన్‌లైన్లో వందల డాలర్లు పలుకుతోంది, అమ్మేద్దాం" అని. యాభై సెంట్ల పుస్తకం! సరే వచ్చి చూడు అన్నాను. వచ్చి తెరిచాడు. మల్లిగటానీ పేజీలో ఆ తలపాగా మనిషి మొహం మీద నల్ల క్రేయాన్‌తో కళ్లజోడు గీసి ఉంది. మా మామగారిది మందపాటి ఫ్రేము. ఎప్పుడు గీశాడో నేను చూడలేదు, వాడికీ గుర్తులేదు. ఇలా గీసిన కాపీ ఎవడూ కొనడులే అని వాడే తీసుకెళ్లి పై అరలో పెట్టాడు.